‘మా ట్యాంకు ఇంతవరకు నిండలేదు’ అనుకుంటున్నారా?
మరుగుదొడ్డి గుంతలు, సెప్టిక్ ట్యాంకుల నిర్వహణ: లబ్ధిదారులు తెలుసుకోవాల్సిన నిబంధనలు

స్వచ్ఛ భారత్ మిషన్ కింద రూ.12,000 ప్రోత్సాహకంతో మరుగుదొడ్డి కట్టుకున్న గ్రామీణ కుటుంబాల కోసం ఈ సమాచారం. పట్టణాల్లో సొంత డబ్బుతో సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. కట్టేటప్పుడు ఫొటోలు తీశారు, బిల్లు వచ్చింది. భూమి లోపల ఉన్నదాన్ని ఎలా చూసుకోవాలో మాత్రం చాలామందికి ఎవరూ సరిగా చెప్పలేదు. ఊళ్లలో అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: “మాది పెద్ద ట్యాంకు సార్, పదేళ్లయినా నిండలేదు.” ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదు. ఎందుకో చూద్దాం.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏదో గుర్తుపట్టండి

నిబంధనలు అందరికీ ఒకటి కావు. మీ మరుగుదొడ్డి వెనక రెండు గుంతలు, వాటి మధ్య చిన్న ఛాంబరు ఉంటే అది జంట గుంతల మరుగుదొడ్డి. గుంతల అడుగున సిమెంటు ఉండదు, గోడల్లో నీరు ఇంకేందుకు సందులుంటాయి. ఒకసారి ఒక గుంతనే వాడాలి. అది నిండగానే ఛాంబరులో దారి మూసి రెండో గుంతకు మళ్లించాలి. నిండిన గుంతను ఏడాదికి పైగా, వీలైతే రెండేళ్లు, కదపకుండా వదిలేస్తే లోపలిది వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. దీనికి ట్యాంకరు అవసరం లేదు, ఖర్చూ లేదు. స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు మాత్రం ఈ గుంతల్లోకి వదలొద్దు. వాటికి వేరే ఇంకుడు గుంత ఉండాలి.

2017 ఫిబ్రవరిలో గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ పలు రాష్ట్రాల అధికారులతో కలిసి గుంతలోకి దిగి ఎరువు ఎత్తిన సంగతి వరంగల్ వైపు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు ఖాళీ చేసింది జంట గుంతల్లో ఒకటి. వాడకం ఆపి, పూర్తిగా కుళ్లి ఎండిన గుంత అది. ఆ ఫొటో చూసి సెప్టిక్ ట్యాంకులోకీ అలాగే దిగొచ్చని ఎవరూ అనుకోకూడదు. ఆ రెండింటికీ పోలికే లేదు.

నాలుగు వైపులా గోడ, అడుగున కాంక్రీటు, లోపల మధ్య గోడ, బయటికి పోయే పైపు, గాలి గొట్టం ఉంటే అది సెప్టిక్ ట్యాంకు. ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి.

ఇక మూడో రకం ఊళ్లలో బాగా కనిపించేది: సిమెంటు రింగులు దింపిన ఒకే ఒక లోతైన గుంత, లేదా అడుగున కాంక్రీటు వేయకుండా కట్టిన ‘సెప్టిక్ ట్యాంకు’. దీనితోనే ఎక్కువ చిక్కు. ఒకే గుంత ఉన్నవారు స్థలం ఉంటే పక్కన రెండో గుంత, మధ్యలో ఛాంబరు కట్టించుకోవడం మంచిది. స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. మీ పంచాయతీ కార్యదర్శిని గానీ ఎంపీడీఓ కార్యాలయంలో గానీ అడగండి.

నిండని ట్యాంకు ఎటు పోతోంది?

సెప్టిక్ ట్యాంకులో మలం మొత్తం కరిగి మాయం కాదు. బరువైనది మడ్డిగా అడుగుకు చేరుతుంది, నూనె జిడ్డు తెట్టులా పైకి తేలుతుంది, మధ్యలో నీరు నిలుస్తుంది. కొత్తగా ఎంత నీరు వస్తే అంత నీరు బయటి పైపు గుండా పోతుంది. అంటే సరిగా కట్టిన ట్యాంకు కొద్ది రోజుల్లోనే నీటితో నిండి, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. చూడాల్సింది నీటి మట్టం కాదు, అడుగున మడ్డి ఎంత పేరుకుందో. మడ్డి, తెట్టు కలిసి ట్యాంకులో మూడో వంతు దాటితే మలం ఆగకుండా నీటితోపాటే బయటికి కొట్టుకుపోవడం మొదలవుతుంది.

అసలు నీరే నిలవడం లేదంటే అది అడుగు నుంచి నేలలోకి దిగుతున్నట్టు. “కింద కాంక్రీటు వద్దు, నీళ్లు ఇంకిపోతాయి, తొందరగా నిండదు” అని మేస్త్రీ మేలు చేస్తున్నట్టే చెబుతాడు. ఆ నీరు మీ బోరు దగ్గరికో పక్కింటి బావి దగ్గరికో చేరుతుంది. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ ఇలాగే వస్తాయి. నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అంతకు మించిన నీళ్లతో పాలు కలిపి పట్టిస్తే నెలల పిల్లలకు ప్రాణాపాయం. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. అనుమానం ఉంటే బోరు నీటిని పరీక్ష చేయించండి.

దూరం లెక్క కూడా ఉంది. జంట గుంతలకు, తాగే నీటి బావికి లేదా బోరుకు మధ్య కనీసం 10 మీటర్లు వదలాలి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత అయితే 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ నియమం. చిన్న ప్లాట్లలో ఇది కష్టమే. అలాంటి చోట తాగడానికి బోరు నీళ్లు వాడకుండా నల్లా నీళ్లు వాడటమే దారి.

పెద్ద ట్యాంకు కావాలా? ఐదుగురున్న ఇంటికి ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీరు నిలిచే ట్యాంకు సరిపోతుంది. అంటే సుమారు ఐదడుగులకు రెండున్నర అడుగులు. ఇంతకంటే చిన్నది కట్టొద్దు. పది అడుగుల ట్యాంకు కట్టిన ఇంట్లో జరిగేది ఏమిటంటే, దాన్ని తీయించాలన్న సంగతే మరిచిపోతారు.

మూడేళ్లకోసారి తీయించాలి, ఎందుకంటే

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలన్నది నియమం. నిండినా నిండకపోయినా. ఇది కేవలం శుభ్రత కోసం పెట్టింది కాదు. మూడేళ్ల మడ్డి పలచగా ఉంటుంది, ట్యాంకరు పైపు సులువుగా లాగేస్తుంది. పదేళ్లు, పదిహేనేళ్లు వదిలేస్తే అడుగున అది గడ్డకట్టి బంకమట్టిలా తయారవుతుంది. పైపు లాగదు. అప్పుడు ట్యాంకరుతో వచ్చినవాళ్లో, అడ్డా మీద దొరికిన కూలీయో “నేను దిగి తీస్తా” అంటాడు. ఇంటివాళ్లు ఇంకో ఐదొందలు ఇస్తామంటారు. ప్రాణాలు పోయేది అక్కడ.

గట్టిపడిన మడ్డి ఉన్నా దారి ఉంది. నీళ్లు గట్టిగా కొట్టి, మడ్డిని వదులు చేసి, రెండు మూడు ట్రిప్పుల్లో మిషన్‌తోనే లాగించాలి. డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. మనిషిని మాత్రం దించొద్దు.

లోపల ఏముంటుంది?

హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే “వాసన తగ్గింది, ఇక దిగొచ్చు” అనుకోవడం ప్రాణాంతకం. మీథేన్ కూడా ఉంటుంది, అది నిప్పు తగిలితే అంటుకుంటుంది. పాత బావుల్లో గాలి ఉందో లేదో చూడటానికి దీపం దించినట్టు ఇక్కడ చేయొద్దు. మూత తీసినప్పుడు దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు. మూత తీసి గంటసేపు వదిలేస్తే గ్యాస్ పోతుందన్న నమ్మకం కూడా సరికాదు. మడ్డిని కదిపితే అడుగున చిక్కుకున్న గ్యాస్ మళ్లీ పైకి వస్తుంది.

ఒకరు పడిపోతే కాపాడబోయి రెండోవారు, మూడోవారు దిగుతారు. ఒకే ట్యాంకులో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు చనిపోయారన్న వార్తల వెనక జరిగేది ఇదే. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకండి. వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ‘సెప్టిక్ ట్యాంకులో మనిషి ఉన్నాడు’ అని చెప్పండి, 108ని పిలవండి. ఆయనకు తాడు అందుతుందనుకుంటే పైనుంచే వేయండి.

ఇంకో మాట. కొత్తగా కట్టిన, ఇంకా వాడని ట్యాంకు కూడా సురక్షితం కాదు. స్లాబు వేశాక నెలల తరబడి మూసి ఉంచిన ట్యాంకులో సెంట్రింగ్ చెక్క తడికి కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ చెక్క ఊడదీయడానికి దిగిన కూలీలు స్పృహ తప్పి చనిపోతుంటారు. ఇల్లు కట్టించేవారు మేస్త్రీకి ఈ సంగతి ముందే చెప్పాలి.

చట్టం ఏమంటుంది?

పాకీపని నిషేధ చట్టం 2013 డిసెంబరు 6 నుంచి అమల్లో ఉంది. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడం దీని కింద నేరం. చాలామంది ఇది మున్సిపాలిటీకో కాంట్రాక్టరుకో సంబంధించినదనుకుంటారు. చట్టంలో ‘ఏ వ్యక్తీ’ అని ఉంది, అంటే ఇంటి యజమాని కూడా. మొదటిసారి అయితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, రూ.5 లక్షల వరకు. నాన్‌బెయిలబుల్ కేసు. “ఆయనే దిగుతానన్నాడు, డబ్బులు ఇచ్చాం” అన్నది సమాధానం కాదు. ఎస్సీ కులాలవారితో పాకీపని చేయిస్తే అట్రాసిటీ చట్టం కింద కూడా కేసు అవుతుంది.

ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 2014లో సుప్రీంకోర్టు రూ.10 లక్షల పరిహారం నిర్ణయించింది. 2023 అక్టోబరు 20 తీర్పులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. మీ ఊళ్లో అలాంటి కుటుంబం ఉంటే, వారికి పరిహారం రాకపోతే, కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇవ్వమని చెప్పండి.

ఇదే చట్టంలో చాలామందికి తెలియని ఇంకో నిబంధన: మరుగుదొడ్డి పైపును నేరుగా మోరీలోకి కలిపి, ఆ మలాన్ని మనిషి ఎత్తిపోయాల్సిన పరిస్థితి ఉంటే దాన్ని ‘అపరిశుభ్ర మరుగుదొడ్డి’గా లెక్కిస్తారు. యజమాని సొంత ఖర్చుతో మార్చుకోవాలి. లేదంటే ఏడాది వరకు జైలు లేదా రూ.50 వేల వరకు జరిమానా పడొచ్చు. వర్షాకాలం వస్తే ‘కొట్టుకుపోతుందిలే’ అని రాత్రిపూట ట్యాంకు పైపు మోరీలోకి తెరిచే అలవాటు కొన్ని కాలనీల్లో ఉంది. కింది వీధిలో పిల్లలు ఆ నీళ్లలోంచే బడికి నడుస్తారు.

తనిఖీకి వస్తే ఏం చూస్తారు?

సెప్టిక్ ట్యాంకుల మీద ప్రత్యేక నిబంధనలు దేశంలో ముందుగా తెచ్చిన నగరం మన వరంగల్. 2016లో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ వీటిని అమల్లోకి తెచ్చింది, మరుసటి ఏడాది మలవ్యర్థాల శుద్ధి కేంద్రం మొదలైంది. తర్వాత 2018లో రాష్ట్ర ప్రభుత్వం కూడా విధానం తెచ్చింది. ట్యాంకర్లు లైసెన్సు తీసుకోవాలి, తీసిన మడ్డిని శుద్ధి కేంద్రానికే చేర్చాలి అన్నవి వీటిలో ముఖ్యమైనవి.

శానిటరీ ఇన్‌స్పెక్టరు గానీ వార్డు సిబ్బంది గానీ వస్తే భయపడాల్సింది లేదు. మూత తెరవడానికి వీలుగా ఉందా, బయటి పైపు ఇంకుడు గుంతలోకి పోతోందా మోరీలోకా, చివరిసారి ఎప్పుడు తీయించారు అని అడుగుతారు. మొదటిదాని దగ్గరే చాలా ఇళ్లు ఇరుక్కుంటాయి. మూత మీద టైల్స్ వేసేస్తారు, మెట్లు కట్టేస్తారు. ట్యాంకరు వచ్చిన రోజు పగలగొట్టాల్సి వస్తుంది. మూత కనబడేలా ఉంచండి, కానీ పిల్లలు ఎత్తలేనంత బరువుగా, పగుళ్లు లేకుండా ఉండాలి.

కర్రకు తెల్లగుడ్డ చుట్టి దించి మడ్డి లోతు కొలిచే పద్ధతి ఒకటి ఉంది. ఇంట్లో మీరే చేయమని చెప్పను. ట్యాంకరువాళ్లతో చూపించుకోండి. తీయించిన తేదీని మూత పక్కన గోడ మీద పెయింటుతో రాయించుకుంటే చాలు.

ట్యాంకరు పిలిచేటప్పుడు

హెల్ప్‌లైన్ 14420. హైదరాబాద్ పరిధిలో జలమండలి నంబరు 155313కీ ఫోన్ చేయొచ్చు. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఈ ఖర్చు మీదే, రూ.12,000 ప్రోత్సాహకంలో ఇది లేదు. అందుకే ధర ముందే మాట్లాడుకోండి. ట్యాంకు సైజు, రోడ్డు నుంచి పైపు దూరం చెబితే ఎన్ని ట్రిప్పులో తేలుతుంది. పక్కపక్క ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే బేరం ఆడొచ్చు. వానాకాలానికి ముందే చేయించుకోండి. నేల తడిసి ఉన్నప్పుడు ప్లాస్టిక్ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేస్తే అది పైకి తేలిపోతుంది.

లైసెన్సు చూపించమనండి. మడ్డి ఎక్కడ పోస్తారో అడగండి. ‘పొలంలో’, ‘వాగు పక్కన’ అంటే ఆ ట్యాంకరు వద్దు. పని పగటిపూటే జరగాలి, పనివాళ్లకు గ్లోవ్స్, బూట్లు ఉండాలి. అడుగున అంగుళం మందం మడ్డి వదిలేయమనండి, కొత్త మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. ఫినాయిల్, యాసిడ్ పోసి లోపల కడగొద్దు. బజారులో అమ్మే ‘ట్యాంకు పౌడర్లు’ కొనాల్సిన పని లేదు. ప్యాడ్లు, గుడ్డలు, జుట్టు, ప్లాస్టిక్ మరుగుదొడ్డిలో వేయకపోతే పైపులు ఇరుక్కోవు.

పని అయ్యాక రసీదు తీసుకోండి. తేదీ, ట్యాంకరు నంబరు, ఎన్ని ట్రిప్పులు తీశారు అన్నవి అందులో ఉండేలా చూసుకుని, ఇంటి పన్ను రసీదులతో కలిపి దాచుకోండి. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది అదే.