ఎక్కని ఓడకు ఎంత కట్టాలి?

పెళ్లికి వస్తామని చెప్పి రాని చుట్టాన్ని పెళ్లివారు మహా అయితే నాలుగు మాటలంటారు. అంతేగానీ వడ్డించని విస్తరికి డబ్బులడగరు. విహార ఓడలవాళ్లకు ఆ మొహమాటం లేదు. కేబిన్ బుక్ చేసుకుని రేవు దగ్గరికి రాని ప్రయాణికుడు కట్టిన సొమ్ము మొత్తం వాళ్ల ఖాతాలోనే ఉండిపోతుంది. అలాంటి ప్రయాణికుడికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘నో షో’. అయితే ఆ సొమ్ములో వాళ్లది కాని వాటా కూడా కొంత ఉంటుంది. అది తిరిగి ఇవ్వాల్సిన డబ్బేనని చాలామందికి తెలియదు. తెలియనివాళ్లు అడగరు. అడగనివాళ్లకు ఎవరిస్తారు?

సముద్రం ఎక్కడ... సంగారెడ్డి ఎక్కడ!

పటాన్‌చెరు నుంచి అటు ముంబై వెళ్లాలన్నా, ఇటు విశాఖ వెళ్లాలన్నా ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఓడ ప్రయాణం ఇక్కడివాళ్లకు మరీ కొత్తేం కాదు. 2000ల్లో సింగపూర్ టూరుకు వెళ్లినవాళ్లు ‘స్టార్ క్రూయిజెస్’ ఓడెక్కి ఫొటోలు దిగి వచ్చేవారు. 2005లో అదే కంపెనీ ‘సూపర్‌స్టార్ లిబ్రా’ ఓడను ముంబైకి తెచ్చింది. 2021 సెప్టెంబరులో ‘కార్డీలియా’ వారి ‘ఎంప్రెస్’ ముంబై నుంచి తిరగడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది జూన్‌లో అదే ఓడ విశాఖకూ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నల సంగతి సరేసరి. నయాగరా చూపించాక పిల్లలు తర్వాత ఎక్కించేది ఓడే!

ఈ ప్రాంతపు ఉద్యోగాలకు మాత్రం ఓ గుణముంది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, పాశమైలారం, బొల్లారంలలోని మందుల కంపెనీలు, జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ... ఎక్కడైనా సెలవు కాగితం మీద ఒకలా ఉంటుంది, ప్రయాణం రోజున ఇంకోలా ఉంటుంది. రిలీవర్ రాలేదంటారు. షట్‌డౌన్ వారం ముందుకు జరిగిందంటారు. మందుల కంపెనీలో తనిఖీ బృందం వస్తోందని తెలిస్తే మేనేజరు దగ్గర సెలవు మాటెత్తే ధైర్యం ఎవరికుంటుంది? ఓడ టికెట్టేమో నెలల ముందే కొనాలి. సెలవేమో చివరి రోజు దాకా ఖాయం కాదు. చిక్కంతా ఇక్కడే.

రద్దు వేరు... రాకపోవడం వేరు

‘ఎలాగూ డబ్బు పోతుంది, ఇక ఫోన్ చేసి చెప్పడమెందుకు?’ అనుకునేవాళ్లే ఎక్కువ. కొంపముంచేది సరిగ్గా ఈ ఆలోచనే. ఓడ కంపెనీల కోత మెట్లుమెట్లుగా ఉంటుంది. బాగా ముందు రద్దు చేసుకుంటే అడ్వాన్సు వరకే పోతుంది. తేదీ దగ్గరపడేకొద్దీ పావు, సగం, ముప్పావు... అలా పెరుగుతూ పోతుంది. ప్రయాణానికి రెండు, మూడు వారాల ముందు నుంచే నూటికి నూరు శాతం కోసేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. చెప్పకుండా మానేసినవాళ్లు నేరుగా ఆఖరి మెట్టు మీదకు చేరిపోతారు. ప్రయాణ బీమా ఉన్నా ఇబ్బందే. ఆస్పత్రిలో చేరడం లాంటి కారణంతో ఆగిపోతే బీమా కంపెనీ అడిగే మొదటి కాగితాల్లో రద్దు చేయించిన రుజువు ఒకటి. సెలవు దొరకలేదన్న కారణాన్ని మామూలు పాలసీలు చాలావరకు ఒప్పుకోవు. పాలసీ కొనేముందు చూసుకోవాల్సిన పంక్తి అదే.

కంపెనీల వైపు న్యాయం ఏమీ లేదని కాదు. హోటల్ గది ఈ రోజు ఖాళీగా ఉన్నా సాయంత్రానికి ఇంకొకరు దిగొచ్చు. రేవు దాటిన ఓడలో ఖాళీ కేబిన్‌ను నడిసముద్రంలో ఎవరికి అమ్ముతారు? పైగా ఓడవాళ్ల రాబడి టికెట్టుతో ఆగదు. లోపల తాగే పానీయాలు, స్పా, కాసినో, రేవుల్లో దిగి చేసే విహారాలు... ఇవన్నీ కలిస్తేనే వాళ్లకు గిట్టుబాటు. మనిషి రాకపోతే అదంతా పోయినట్టే. అయితే రానివారి కేబిన్‌ను వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి అమ్మేసి, రెండువైపులా డబ్బు ఉంచుకుంటే? ఆ ప్రశ్నకు కంపెనీల షరతుల్లో జవాబు వెతకడం దండగ.

వాళ్లది కాని డబ్బు

టికెట్టు ధర అంతా ఒకటే ముద్దలా కనిపిస్తుంది గానీ అందులో రెండు రకాల డబ్బుంటుంది. ఒకటి కంపెనీ తన కోసం తీసుకునేది. ఇంకొకటి వేరేవాళ్లకు కట్టడానికి మన దగ్గర వసూలు చేసేది. రేవుల్లో ప్రయాణికుడి తలకు ఇంతని కట్టే పోర్టు ఛార్జీలు రెండో రకం. మనిషి ఎక్కకపోతే అతని పేరిట ఆ ఛార్జీ కట్టే పని ఉండదు. అందుకే అమెరికాలోని పెద్ద క్రూయిజ్ కంపెనీలు సాధారణంగా నో షో ప్రయాణికులకు కూడా పోర్టు ఛార్జీలు, పన్నులు వాపసు చేస్తాయి. ముందే కట్టించుకున్న టిప్పులు, వాడని పానీయాల ప్యాకేజీల డబ్బునూ చాలావరకు వెనక్కిస్తాయి.

లెక్క కోసం ఓ ఉదాహరణ. నలుగురి కుటుంబం లక్ష రూపాయలు కట్టింది. అందులో కేబిన్ ఛార్జీ ఎనభై వేలు, పోర్టు ఛార్జీలు, టిప్పులు కలిపి ఇరవై వేలు అనుకుందాం. రాకపోతే ఎనభై వేలు పోయినా మిగతా ఇరవై వేలు అడిగి చూడాల్సిన డబ్బే. అది ఓ కుటుంబానికి రెండు నెలల ఇంటి అద్దె! జీఎస్టీ కథ మాత్రం వేరు. కంపెనీ ఉంచేసుకున్న సొమ్ముకూ అసలు సేవకున్న పన్నే వర్తిస్తుందని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. కాబట్టి కోతపడిన మొత్తం మీది పన్ను తిరిగి వస్తుందని ఆశపెట్టుకోవద్దు.

విమానాల విషయంలో ఇది కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన సంగతి కాదు. డీజీసీఏ నిబంధన. టికెట్టు రద్దు చేసినా, వాడకపోయినా, అసలు విమానాశ్రయానికే రాకపోయినా చట్టబద్ధమైన పన్నులూ, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇచ్చేయాలి. ప్రోమో ఆఫర్‌లో కొన్న టికెట్టయినా, బేసిక్ ఛార్జీ వాపసు రాని టికెట్టయినా సరే. రద్దు ఛార్జీ కూడా బేసిక్ ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. 2016 ఆగస్టులో ఈ నిబంధనలు గట్టిపడ్డాయి. శంషాబాద్ నుంచి ముంబై వెళ్లి ఓడ ఎక్కాల్సినవాళ్లు ప్రయాణం మానుకుంటే విమానం డబ్బులో ఈ వాటా అడగడం మర్చిపోకూడదు. ఇంకో మాట... రానూపోనూ ఒకే టికెట్టుగా తీసుకుని, వెళ్లేటప్పటి విమానం ఎక్కకపోతే తిరుగు టికెట్టునూ చాలా కంపెనీలు రద్దు చేసేస్తాయి. రైల్లో ముంబై చేరి, ఓడ దిగాక విమానంలో వద్దామనుకున్నవాళ్లు అక్కడ కంగుతింటారు.

లింగంపల్లిలో ఎక్కకపోతే...

ఓడ సంగతి కాసేపు పక్కన పెడితే, ఈ ప్రాంతంవాళ్లకు నో షో బాగా తెలిసేది రైలు దగ్గర. లింగంపల్లి నుంచి కాకినాడ వెళ్లే గౌతమికి టికెట్టు తీసుకుని, ఆ రోజు ఏదో పని మీద నగరంలో ఉండిపోయి, సికింద్రాబాద్‌లో ఎక్కుదామనుకుంటారు. బోర్డింగ్ స్టేషన్ మార్చుకోరు. లింగంపల్లిలో కనబడని ప్రయాణికుణ్ని టీటీఈ రానట్టు రాసుకుంటే బెర్తు ఆర్ఏసీలో ఉన్నవారికి వెళ్లిపోతుంది. టికెట్టు చేతిలో ఉంటుంది, బెర్తు ఉండదు!

అయినా రైల్వే ఓ విషయంలో ఓడవాళ్ల కంటే నయం. ఖాయమైన టికెట్టును ఇరవై నాలుగు గంటల ముందు అడిగితే ఇంట్లో ఇంకొకరి పేరిట మార్చి ఇస్తుంది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య, భర్త... ఈ జాబితాలోనివారికే. బావమరిదికి కుదరదు! 2015 నవంబరులో తెచ్చిన నిబంధనల్లో, రైలు కదలడానికి నాలుగు గంటల ముందు వరకు ఖాయమైన టికెట్టుకు ఎంతో కొంత తిరిగి వచ్చే వీలు పెట్టారు. ఒక రైలు ఆలస్యమై దాని తర్వాతి రైలు తప్పిపోతే, రెండు టికెట్ల పీఎన్ఆర్‌లనూ కలిపి ఉన్నవారికి ప్రయాణించని భాగం డబ్బు రద్దు ఛార్జీ లేకుండా ఇచ్చే పద్ధతి 2019 ఏప్రిల్‌లో వచ్చింది. రైలు ఆలస్యమై ఓడ తప్పిపోతే మాత్రం ఎవరిది వారిదే. రైల్వేకు ఓడతో పనిలేదు, ఓడకు రైలుతో పనిలేదు. ముంబైకి ఒక రోజు ముందే చేరి లాడ్జిలో పడుకోవడం ఖర్చే. లక్ష రూపాయల ఓడ ముందు ఆ ఖర్చెంత!

పేరు మార్పు ఓడల్లోనూ ఉంది. బుకింగ్‌లో అసలు పేరున్నవారు ఒక్కరైనా ప్రయాణం చేస్తుంటే, గడువులోపల రెండో పేరు మార్చడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఇక్కడ బావమరిదికీ ఛాన్సుంది. ఎవరూ దొరకక ఒక్కరే వెళ్లాల్సి వస్తే జాగ్రత్త. కేబిన్ ధర ఇద్దరి లెక్కన కట్టింది కాబట్టి, ముందే ఒకరి పేరు తీసేయిస్తే మిగిలినవారి మీద ఒంటరి ప్రయాణపు అదనపు ఛార్జీ పడొచ్చు. తీసేస్తే ఎంత, ఉంచేస్తే ఎంత... రెండు లెక్కలూ కంపెనీ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే నిర్ణయించుకోవాలి. ఏజెంటు నోటిమాట రేపు రుజువుగా నిలవదు.

రేవు దాకా వెళ్లీ నో షో అయ్యేవాళ్లున్నారు. కాగితాలు సరిగా లేక సిబ్బంది ఆపేస్తే డబ్బు తిరిగి ఇవ్వనక్కర్లేదని షరతుల్లో రాసి ఉంటుంది. విదేశంలో ఓడెక్కి మళ్లీ అదే దేశానికి వస్తే అది రెండోసారి ప్రవేశం కిందికి వస్తుంది. ఒక్కసారికే పనికొచ్చే వీసా ఉన్నవాళ్లు అక్కడే చిక్కుకుంటారు.

మరి ఓడే రాకపోతే?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నది పాత సామెత. ఇక్కడ అది తిరగబడింది. డబ్బు కట్టేదాకా ప్రయాణికుడే ఓడ మల్లయ్య! ప్రయాణికుడు రాకపోతే నూరు శాతం కోసే కంపెనీ, తాను చెప్పిన రేవుకు వెళ్లకపోతే మాత్రం షరతుల చాటున నిలబడుతుంది. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన ఎంప్రెస్‌కు పుదుచ్చేరిలో అనుమతి దొరకలేదు. కాసినో గొడవతో అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. రేవు మార్చే, మానేసే హక్కు తమకుందని ఓడ కంపెనీలన్నీ ముందే రాసుకుంటాయి. ‘జలేశ్’ కథ ఇంకా ఘోరం. 2019 ఏప్రిల్‌లో ‘కర్ణిక’ ఓడతో ఆర్భాటంగా మొదలైన ఈ దేశీయ కంపెనీ కరోనా దెబ్బకు 2020లో మూతపడింది. ఓడ తుక్కు కిందికి వెళ్లింది.

షరతుల బలం ఎంతుంటుందో అమెరికా సుప్రీంకోర్టు 1991లో చూపించింది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన షూట్ అనే మహిళ మెక్సికో తీరంలో కార్నివాల్ ఓడలో జారిపడ్డారు. తన ఊళ్లో కేసు వేశారు. టికెట్టు మీద ‘ఫ్లోరిడాలోనే’ అని ఉంది కాబట్టి అక్కడికే వెళ్లాలని కోర్టు తేల్చింది.

మన దగ్గర చట్టం కాస్త వేరుగా ఉంది. ఒప్పందం తప్పినవారి దగ్గర సహేతుకమైన పరిహారమే తీసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటుంది. ఢిల్లీలోని భికాజీ కామా ప్లేస్‌లో ఓ ప్లాటుకు 1982లో వేలం జరిగింది. పాట 3.12 కోట్ల దగ్గర ఆగింది. పాడినవారి అడ్వాన్సు 78 లక్షలను ఢిల్లీ అభివృద్ధి సంస్థ జప్తు చేసి, తర్వాత ఆ ప్లాటునే 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే జరగనప్పుడు జప్తు ఎలా చెల్లుతుందని 2015లో సుప్రీంకోర్టు ప్రశ్నించి, ఆ డబ్బు వెనక్కి ఇప్పించింది. ఓడ టికెట్ల మీద వచ్చిన తీర్పు కాదిది. కానీ రానివారి కేబిన్ ఇంకొకరికి అమ్ముడుపోయిందని తేలినచోట ఎత్తిచూపదగ్గ తీర్పే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటను కొత్తగా తెచ్చింది. జరిగిన నష్టంతో పొంతనలేని జరిమానా వేసే షరతు అందులోకి వస్తుంది. ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అడిగినా పోర్టు ఛార్జీలు ఇవ్వలేదు, ఏజెంటు దాచుకున్నాడు లాంటి సేవాలోపం ఫిర్యాదులకు అంతదూరం అక్కర్లేదు. కంపెనీ ముంబైలో ఉన్నా, వినియోగదారుడు తాను ఉండే చోట లేదా పనిచేసే చోట కేసు వేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది. అంటే పటాన్‌చెరువాసి సంగారెడ్డిలోని జిల్లా కమిషన్ గుమ్మం ఎక్కితే చాలు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. అంతకన్నా ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. కేబిన్ ఛార్జీ ఎంత, పోర్టు ఛార్జీలు ఎంత అని విడివిడిగా చూపే బిల్లు, రద్దు చేస్తున్నట్టు పంపిన ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు దగ్గర పెట్టుకోవాలి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.