బస్సు ఫ్రీనే.. బస్సు దాకా తీసుకెళ్లేదెవరు?

రోడ్డెక్కలేని పెద్దవాళ్లు, దివ్యాంగులు ప్రతి ఊళ్లో ఉన్నారు. బండి, లైసెన్సు, కాస్త ఖాళీ టైమ్ ఉన్న కుర్రాళ్లూ ప్రతి ఊళ్లో ఉన్నారు. ఈ ఇద్దరినీ కలిపే పనే వాలంటీర్ డ్రైవింగ్. చదువుకుంటూనే చేయొచ్చు. రేపు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

ములకలపల్లి మండలంలో మా అమ్మమ్మ వాళ్లది మెయిన్ రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపలికి ఉన్న చిన్న ఊరు. ఆమె కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చూపు బాగా వచ్చింది. ఎడమ కంటికీ చేయించుకోమని డాక్టర్లు తేదీ ఇచ్చారు. ఆ రోజు అమ్మమ్మ వెళ్లలేదు. తర్వాత ఇచ్చిన తేదీకీ వెళ్లలేదు.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. సరుకుల బండి ఏ దారిలో వెళ్తే కస్టమర్ ఇంటికి త్వరగా చేరుతుందో లెక్కేసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో. ‘ఎందుకెళ్లలేదు?’ అని ఫోన్‌లో గట్టిగానే అడిగా. ‘నీకు సెలవు దొరికినప్పుడు పోదాంలే నాయనా. ఊరికే ఎవర్నని అడగమంటావ్?’ అంది.

ఏడాది అలాగే గడిచింది. ఓ సాయంత్రం గట్టు కనపడక జారి పడింది. తుంటి ఎముక విరిగింది. తర్వాత కంటి ఆపరేషన్ కూడా చేయించాం. కానీ ఇప్పుడు వాకర్ లేకుండా లేవలేదు. ఎవరికో పెరుగు ప్యాకెట్ పది నిమిషాల్లో చేరాలని రాత్రుళ్లు కోడ్ రాసిన నేను, మా అమ్మమ్మను రెండు కిలోమీటర్లు దాటించలేకపోయా.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

నిజానికి చాలావరకు అన్నీ ఉన్నాయి. పాల్వంచలో ఎల్‌వీ ప్రసాద్ సంస్థ ఆధ్వర్యంలో నవభారత్ కంటి ఆసుపత్రి ఉంది. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఎమర్జెన్సీకి 108 ఉంది. గర్భిణులకు, బాలింతలకు 102 ఉంది.

మరి లేనిదేంటి? ఇంటి గడప నుంచి బస్సు మెట్టు దాకా ఉన్న ఆ కాస్త దూరం. అమ్మమ్మ ఊరి నుంచి రోడ్డెక్కాలంటే ప్రత్యేకంగా ఆటో మాట్లాడుకోవాలి. రానూపోనూ రెండు వందలు. ఆమెకొచ్చే పింఛను 2,016 రూపాయలు. అంటే ఒక్క ప్రయాణానికే దాదాపు పదో వంతు. పైగా తోడొచ్చే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. మగవాళ్లయితే బస్సు టికెట్ అదనం. కంటి చెకప్, బీపీ మందులు, సదరం శిబిరం, బ్యాంకు పని.. ఇవేవీ ఎమర్జెన్సీ కావు. అందుకే వాయిదా పడతాయి. వాయిదా పడీ పడీ ఏదో ఒకరోజు ఎమర్జెన్సీ అవుతాయి.

అడవి అంచున ఉన్న గుంపుల్లో అయితే ఆ దూరంలో వాగు కూడా ఉంటుంది. వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు.

ఓట్ల రోజు మాత్రం బండి వస్తుంది

ఇది చేతకాని పనేం కాదు. 2018 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తెలంగాణ ఎన్నికల అధికారులు దివ్యాంగ ఓటర్ల కోసం ‘వాదా’ యాప్ తెచ్చారు. పోలింగ్ కేంద్రానికి వెళ్లడానికి బండి కావాలని అందులో అడగొచ్చు. తర్వాత ఎన్నికల సంఘం ‘సక్షమ్’ యాప్ తెచ్చింది. పోలింగ్ రోజు వీల్‌చైర్ తోయడానికి చాలాచోట్ల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులే నిలబడతారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటేశారు.

అంటే ఎవరు నడవలేరో జాబితా తీయగలం. ఏ ఇంటికి ఏ బండి వెళ్లాలో చెప్పగలం. అయిదేళ్లకోసారి చేసే ఆ పనిని నెలకు నాలుగు రోజులు చేయలేమా అన్నదే ప్రశ్న.

వేరేచోట్ల ఎలా చేస్తున్నారు?

అమెరికాలో 1988లో కేథరిన్ ఫ్రొయిండ్ అనే ఆమె మూడేళ్ల కొడుకును 84 ఏళ్ల పెద్దాయన నడుపుతున్న కారు ఢీకొంది. బాబు కోలుకున్నాడు. ఆమె మాత్రం ఆ పెద్దాయన మీద కోపంతో ఆగిపోలేదు. ఆ వయసులో ఆయన స్టీరింగ్ పట్టుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఆలోచించింది. 1995లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఐటీఎన్ అనే సేవ మొదలైంది. వాలంటీర్లు తమ కార్లలో పెద్దవాళ్లను తీసుకెళ్తారు. నడిపినదానికి వాళ్ల ఖాతాలో క్రెడిట్లు పడతాయి. వాటిని తమ ముసలితనానికి దాచుకోవచ్చు. వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకూ వాడొచ్చు. మనూళ్లో నాట్లప్పుడు చేసుకునే బదులు పని లాంటిదే. కాకపోతే కంప్యూటర్‌లో రాసి పెట్టుకుంటారు.

జర్మనీలో 1985 నుంచీ ‘బుర్గర్‌బస్’లు తిరుగుతున్నాయి. మామూలు బస్సు నడిపితే గిట్టుబాటు కాని పల్లెల్లో, ఊరివాళ్లే వంతులేసుకుని ఎనిమిది సీట్ల చిన్న బస్సు నడుపుతారు. జపాన్ 2006లో చట్టమే మార్చింది. బస్సు, ట్యాక్సీ దొరకని చోట్ల స్వచ్ఛంద సంస్థలు రిజిస్టర్ చేసుకుని, సొంత వాహనాల్లో కొద్దిపాటి చార్జీకి జనాన్ని తీసుకెళ్లొచ్చు. మన పక్కనే మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి దశాబ్దాల కిందటే ఓ సంగతి పట్టేసింది. ఆపరేషన్ ఉచితమన్నా జనం రాకపోవడానికి దారి ఖర్చు, తిండి ఖర్చే అడ్డు. అందుకే క్యాంపు నుంచి వాళ్ల బస్సులోనే తీసుకెళ్లి, తిరిగి దింపడం మొదలుపెట్టింది.

మా యాప్ ఎందుకు ఫెయిలైంది?

అమ్మమ్మ పడిపోయాక నేనూ, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి మూడు వారాల్లో ఓ యాప్ చేశాం. మ్యాప్, లైవ్ ట్రాకింగ్ అన్నీ ఉన్నాయి. వాడినవాళ్లు సున్నా! పెద్దవాళ్ల దగ్గర ఉన్నవి బటన్ల ఫోన్లు. చాలా ఇళ్ల దగ్గర సిగ్నలే అందదు. యాప్ పక్కన పడేసి, ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర ఓ నోట్‌బుక్ పెట్టాం. పని మొదలైంది. దీన్ని సంస్థ అనలేం. నాలుగు బైకులు, ఓ పాత కారు. అంతే. కానీ చాలా నేర్చుకున్నాం.

తీసుకెళ్లడం సగం పనే. మొదట్లో ఓ తాతను ఆసుపత్రి గేటు దగ్గర దింపి వచ్చేశాం. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియక ఆయన మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఒకటే రూల్: తీసుకెళ్లినవాళ్లే ఉండి, తిరిగి ఇంట్లో దింపాలి. ఇంకోటి, బైకు అందరికీ సరిపోదు. తుంటి విరిగినవాళ్లను, నడుం నిలపలేనివాళ్లను బైకెక్కించడం సాయం కాదు, ప్రమాదం. కారో ఆటోనో చూడాల్సిందే.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే..

● ముందు జాబితా: ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి దగ్గరికెళ్లండి. ఎవరికి ఏ తేదీన ఎక్కడ పనో రాసుకోండి. పది ఇళ్లతో మొదలుపెట్టండి.

● ఒకటే ఫోన్ నంబరు: ముందురోజు సాయంత్రం ఆరులోగా చెప్పాలని నియమం పెట్టండి. రాలేకపోతే ఆ సంగతీ ముందే చెప్పండి. ఒక్కసారి మాట తప్పితే మళ్లీ అడగరు.

● డబ్బు తీసుకోవద్దు: తెల్ల నంబరు ప్లేటు బండిలో కిరాయికి మనుషుల్ని ఎక్కిస్తే పర్మిట్ లేని రవాణా కిందికొస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం 10 వేల రూపాయల జరిమానా, జైలు శిక్ష దాకా వెళ్లొచ్చు. కిరాయికి వాడుతుండగా ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. పెట్రోలు ఖర్చు కోసం ఊరి పెద్దల్నో, మీ కాలేజీ పూర్వ విద్యార్థుల్నో అడగండి.

● కాగితాలు పక్కా: 18 నిండి, పక్కా లైసెన్సు ఉన్నవాళ్లే నడపాలి. ఎల్‌ఎల్‌ఆర్‌తో వద్దు. బీమా, హెల్మెట్లు రెండూ తప్పనిసరి.

● మర్యాద ముఖ్యం: ‘ఎలా పట్టుకోమంటారు?’ అని అడిగాకే చెయ్యి వేయండి. చూపు లేనివాళ్లను లాక్కెళ్లకండి, వాళ్లనే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఎవర్నీ తీసుకెళ్లొద్దు. ఆడవాళ్లకు వాళ్ల మనిషి తోడుంటే మంచిది.

● మీవల్ల కాకపోతే: ప్రాణం మీదికొస్తే 108కే ఫోన్ చేయండి. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

ఉద్యోగానికి ఏం లాభం?

సూటిగానే మాట్లాడుకుందాం. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంటే రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడి ఈ పనిని అందులోకి తెచ్చుకోవచ్చు. సర్టిఫికెట్‌కు సర్టిఫికెట్, పనికి పని.

ఇంజినీరింగ్ వాళ్లకైతే ఇదో చక్కటి ప్రాజెక్టు. ఎవర్ని ఎప్పుడు ఎక్కించుకుని, ఏ వరుసలో దింపాలన్నదాన్ని ‘డయల్ ఎ రైడ్’ ప్రాబ్లమ్ అంటారు. పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేస్తున్న అంశమిది. గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్ టూల్స్‌తో మీ ఊరి లెక్కనే చేసి చూడండి. కాలేజీలో అందరూ చేసే సినిమా టికెట్ బుకింగ్ ప్రాజెక్టు కంటే ఇంటర్వ్యూలో దీని గురించే ఎక్కువ ప్రశ్నలొస్తాయి. డిగ్రీ వాళ్లకు లాజిస్టిక్స్ కంపెనీల్లో డిస్పాచ్, ఆపరేషన్స్ పోస్టులున్నాయి. 108లో పైలట్, ఈఎంటీ ఉద్యోగాలున్నాయి. స్వచ్ఛంద సంస్థలకు ఫీల్డ్ కోఆర్డినేటర్లు కావాలి. వీటన్నిట్లోనూ అడిగేది ఒకటే: చెప్పిన టైమ్‌కు చెప్పిన చోటుకు మనిషిని చేర్చగలవా?

రెజ్యూమెలో ‘సోషల్ సర్వీస్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎంతమందిని, ఎన్నిసార్లు, ఎన్ని తేదీలు తప్పకుండా చేర్చారో అంకెల్లో రాయండి. నోట్‌బుక్ ఉంటుంది కాబట్టి అంకెలు అబద్ధం చెప్పవు.

అమ్మమ్మకు ఇప్పుడు నెలకోసారి చెకప్ ఉంటుంది. నేనున్నా లేకున్నా ఎవరో ఒకరు కారు తెస్తారు. మొన్న ఫోన్ చేస్తే, ‘ఈసారి నువ్వు రాకపోయినా ఏం కాదులే, ఆ పిల్లాడొస్తానన్నాడు’ అంది. కాస్త చురుక్కుమంది కానీ, సంతోషంగానే ఉంది. ‘ఊరికే ఎవర్నని అడగమంటావ్’ అన్న మాట మాత్రం ఈమధ్య ఆమె నోట వినలేదు.