మీకు తెలుసా? లిలువా మీదుగా సాగిన యుద్ధకాలపు వలస

కలకత్తా పక్కనున్న హౌరా దాటగానే మెయిన్ లైన్‌లో తగిలే మొదటి స్టేషన్ లిలువా. రైలుపెట్టెల కార్ఖానాకు పేరుపడ్డ చోటు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు బర్మాలోని రంగూన్‌పై బాంబులు వేశాక, ఈ దారిన వెళ్లే బళ్లు కిక్కిరిశాయి. తర్వాతి వంతు కలకత్తాదేనన్న భయంతో ఎందరో ఆడవాళ్లనూ పిల్లలనూ సొంతూళ్లకు పంపేశారు.

ఏడాది తిరగకుండానే ఆ భయం నిజమైంది. 1942 డిసెంబరు 20 రాత్రి కలకత్తాపై బాంబులు పడ్డాయి. జనం మళ్లీ హౌరా స్టేషన్‌కు పరుగెత్తారు. రైలు దొరకనివాళ్లు గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టి నడిచారు.

బ్రిటన్‌లో నగరాల నుంచి జనాన్ని తరలించే పని ముందే రాసిపెట్టుకున్న పథకం ప్రకారం జరిగింది. 1939 సెప్టెంబరు 1న మొదలై, మూడు రోజుల్లో దాదాపు 15 లక్షలమంది నగరాలు విడిచారు. బడిపిల్లలు ఉపాధ్యాయుల వెంట, పసివాళ్లు తల్లుల వెంట వెళ్లారు. పిల్లల మెడలో పేరు చీటీ, చేతిలో గ్యాస్ మాస్కు; ఇంట్లో చోటిచ్చిన కుటుంబానికి ప్రభుత్వమే వారంవారం భత్యం ఇచ్చింది. అయినా తొలి నెలల్లో బాంబులు పడకపోవడంతో, చాలామంది తల్లులు పిల్లలతో తిరిగొచ్చేశారు.

మన దగ్గర ఆ ఏర్పాట్ల భారమంతా బంధువుల మీదే పడింది. బిడ్డలతో దిగిన ఆడపడుచులకు చోటిచ్చిన పల్లెటూరి ఇళ్లకు ఏ భత్యమూ అందలేదు. వాళ్ల సేవను చరిత్ర ఇంకా సరిగా గుర్తించలేదు.

తెలుగునేలకూ ఆ వేడి తగిలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. విశాఖ జనం లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు మారింది.