పులస పార్టీ, రొయ్యల పార్టీ

మా సెక్షన్‌లో ఒక బెంగాలీ ఫిట్టరు ఉండేవాడు. పెద్దా చిన్నా అందరం దాదా అనే పిలిచేవాళ్ళం. మల్కనగిరి వైపు మనిషి. మీదే ఊరు అంటే పేరు చెప్పేవాడు కాదు, నంబరు చెప్పేవాడు. ఎమ్‌వీ అని, పక్కన ఓ అంకె. "ఊరికి పేరుండదేటి దాదా, క్వార్టర్‌కి వేసినట్టు నంబరేటి?" అని మేం నవ్వేవాళ్ళం. అతనూ నవ్వేసి ఊరుకునేవాడు.

అతని పనిముట్ల పెట్టె మూత లోపలి వైపు రెండు బొమ్మలు అతికించి ఉండేవి. ఒకటి కాళీమాత. రెండోది ఎరుపు, బంగారు రంగుల్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు బొమ్మ. అది ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. కలకత్తా వెళ్ళి ఆట చూశావా అంటే లేదనేవాడు. వాళ్ళ నాన్నా చూడలేదట. ఎన్నడూ కళ్ళారా చూడని క్లబ్బు మీద అంత ప్రేమేంటో చాలా ఏళ్ళు నాకు అర్థం కాలేదు. తెలిశాక మన కాలనీ సంగతి కూడా కొంచెం అర్థమైంది.

ముందు మన సంగతి చెప్తాను. సంక్రాంతికి తూర్పు లైనుకీ పడమటి లైనుకీ మేచ్ జరిగేదని పెద్దవాళ్ళందరికీ గుర్తే. ఒక ఏడాది ఆఖర్లో గోలు అయిందని ఒకరు, కాలేదని ఒకరు. నేను గీత దగ్గర జెండా పట్టుకుని ఉన్నాను. జెండా ఎత్తాల్సినవాణ్ణి, మా లైనుతో కలిసి అరిచాను. రాళ్ళు లేచాయి. ఒక కుర్రాడి చెయ్యి విరిగింది. రెండు లైన్ల మధ్య కుదిరిన ఒక పెళ్ళి సంబంధం కూడా తప్పిపోయింది. ఆ తర్వాత మేచ్ లేదు. ఇప్పుడు కుర్రాళ్ళు మళ్ళీ ఆడతాం అంటున్నారు, పెద్దలు వద్దంటున్నారు. ఏది మంచిదో చెప్పడానికి దాదా క్లబ్బు కథ పనికొస్తుందని నాకు అనిపించింది.

ఆ క్లబ్బు ఒక అవమానంలోంచి పుట్టింది. 1920 జూలై 28న కలకత్తాలో కూచ్ బెహార్ కప్ మేచ్. మోహన్ బగాన్ మీద జోరాబగాన్ అనే జట్టు ఆడాలి. జోరాబగాన్‌లో శైలేష్ బోస్ అనే ఆటగాడు ఉన్నాడు. చివరి నిమిషంలో కారణం చెప్పకుండా అతన్ని పక్కన పెట్టేశారు. తూర్పు బెంగాల్ వాడు కావడమే అతని తప్పు అని అందరూ అనుకున్నారు. ఆ జట్టు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అడిగి చూశాడు. వినలేదు. ఆయనా బయటికొచ్చేశాడు. మూడు రోజులు గడిచాయి, ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టింది.

ఎదుటి క్లబ్బు మోహన్ బగాన్ చిన్నదేం కాదు. 1889లో పెట్టింది. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అనే తెల్ల సిపాయిల జట్టుని 2–1తో ఓడించింది. వాళ్ళ కాళ్ళకి బూట్లు, మనవాళ్ళలో పదిమంది ఉత్త కాళ్ళతో ఆడారు. దొరని ఓడించొచ్చు అని దేశమంతా తెలిసిన రోజు అది. తమాషా ఏంటంటే ఆ జట్టులో తూర్పు బెంగాల్ మూలాలున్న వాళ్ళు కూడా ఉన్నారు. తొమ్మిదేళ్ళకి మాత్రం నువ్వు ఇటోడివా అటోడివా అన్న మాట వచ్చేసింది.

కలకత్తా లీగ్‌లో రెండు క్లబ్బులూ మొదటిసారి 1925 మే 28న తలపడ్డాయి. నేపాల్ చక్రవర్తి గోలుతో ఈస్ట్ బెంగాల్ 1–0తో గెలిచింది. ఆనాటి నుంచి నేటి దాకా ఆ పోటీ ఆగలేదు.

అసలు వేడి 1947 తర్వాత పుట్టింది. దేశం రెండైంది. తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లోకి పోయింది. లక్షలమంది ఇల్లూ పొలమూ వదిలేసి కట్టుబట్టలతో ఇటొచ్చారు. పశ్చిమ బెంగాల్ వాళ్ళని ఘటీలు అంటారు, తూర్పు నుంచి వచ్చినవాళ్ళని బాంగాల్ అంటారు. బాంగాల్ అన్న మాటలో ఎగతాళి ఉండేది. వాళ్ళ యాస వేరు, వంట వేరు. ఊరు కాని ఊళ్ళో నోరు విప్పితే నవ్వేవాళ్ళే. మన పిల్లలు ఇక్కడ బడిలో మొదట్లో పడ్డ బాధ మనకి తెలీదా? అలాంటివాళ్ళకి వారానికోసారి తలెత్తుకునే చోటు ఫుట్‌బాల్ మైదానం. పోయిన ఊరి పేరు ఆ క్లబ్బు పేరులో మిగిలింది.

పందెం వంటింటిదాకా వచ్చింది. తూర్పువాళ్ళది ఇలిస చేప. అది మరేదో కాదు, మన గోదారి పులసే. పశ్చిమవాళ్ళది రొయ్య. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇళ్ళలో పులస వండుకుంటారు, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. గెలిచినవాళ్ళ చేప రేటు ఆ రోజు బజార్లో పెరిగిపోతుందని చెప్పుకుంటారు. మేం దాదాని పులస పార్టీ అని పిలిచింది అందుకే.

ఇక నంబరు ఊరి సంగతి. కొరాపుట్‌లో పెద్దవాళ్ళని డీఎన్‌కే అంటే ఏటని అడగండి, చెప్తారు. దండకారణ్య ప్రాజెక్టు. 1958లో కేంద్ర ప్రభుత్వం దానికోసం ఒక సంస్థ పెట్టి, తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని తెచ్చి అడవి కొట్టించి ఊళ్ళు కట్టించింది. అప్పటి ఉమ్మడి కొరాపుట్ జిల్లాలో ఉమర్‌కోట్, మల్కనగిరి వైపు ఆ ఊళ్ళు లేచాయి. మన రాయగడ కూడా 1992 దాకా ఆ జిల్లాలోదే. ఊళ్ళకి పేర్లు పెట్టే తీరికెవరికి? మల్కనగిరి విలేజ్ అని, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశారు. దాదా నాన్న రాయపూర్ దగ్గర మానా కేంపులో కొన్నాళ్ళుండి అలా వచ్చి పడ్డాడు. నంబరున్న ఊళ్ళో ఉన్నవాడికి పేరున్న క్లబ్బు కావాలి కదా. అప్పుడు గానీ పెట్టె మూతలో బొమ్మ ఎందుకుందో నాకు తెలియలేదు. మేం నవ్వినందుకు సిగ్గేసింది.

ఆ కాందిశీకుల క్లబ్బుని నిలబెట్టినవాళ్ళలో మన దక్షిణాదివాళ్ళు ఉన్నారు. 1949 నుంచి 1953 దాకా ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ఆడిన ఐదుగురిని పంచ పాండవులు అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్కడూ బెంగాలీ కాదు. 1949, 1950, 1951లో వరసగా మూడుసార్లు ఐఎఫ్ఏ షీల్డ్ ఆ క్లబ్బుదే. బాంగాల్ అని తిట్టించుకున్న జనం అప్పారావు అన్న పేరు పెట్టి గేలరీల్లో అరిచారు. మన శ్రీకాకుళం, గంజాం, విశాఖ వైపు జనం హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లుల్లో నూరేళ్ళ పైనుంచే పనిచేస్తున్నారు. షిఫ్టు దిగి ఆ పేరు విన్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి.

తర్వాత సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వెళ్ళాడు. పేదింటి పిల్లాడు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ కొట్టింది. ఆ రహీం సాబ్ చేతిలో సానపట్టిన కుర్రాడు బలరాం. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో కెప్టెనై లీగ్ గెలిపించాడు, తనే 23 గోళ్ళు వేశాడు. ఆ ఏడాది షీల్డ్ ఫైనల్లో పులస పార్టీ, రొయ్యల పార్టీ ఎవరూ ఓడలేదు. షీల్డ్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

బలరాంకి మైదానంలో పెద్ద పోటీ చునీ గోస్వామి. అతను మోహన్ బగాన్. కలకత్తాలో వీళ్ళిద్దరి పేర్లు చెప్పుకుని జనం టీకొట్ల దగ్గర కొట్టుకునేవాళ్ళు. వాళ్ళు మాత్రం 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి ఒకే చొక్కా వేసుకుని వెళ్ళారు. కోచ్ రహీం సాబ్. అప్పటికే ఆయనకి కేన్సర్. చునీ కెప్టెన్. వెనక కాపలా కాసే జర్నైల్ సింగ్‌దీ మోహన్ బగానే. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డా కట్టు కట్టుకుని ముందు వరసలో ఆడాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. మరుసటి ఏడాదే రహీం సాబ్ కన్నుమూశాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మన దేశానికి మళ్ళీ బంగారం రాలేదు.

ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం ఆట చిన్న వయసులోనే ఆగింది. చివర్లో అతను చేరింది బీఎన్ఆర్ జట్టులో. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే, మన రాయగడ మీదుగా పోయే విజయనగరం–రాయపూర్ లైను వేసిన కంపెనీ పేరే అది. అతను 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు.

ఇంతవరకూ బాగుంది. ఇక చేదు సంగతులు. 1975 సెప్టెంబర్ 30న షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5–0తో గెలిచింది. ఆ ఓటమి తట్టుకోలేక మోహన్ బగాన్ అభిమాని ఒకడు, చిన్నవాడు, ప్రాణం తీసుకున్నాడు. ఐదేళ్ళకి, 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో ఇంకా ఘోరం. మైదానంలో ఒక ఫౌల్, ఇద్దరు ఆటగాళ్ళని రిఫరీ బయటికి పంపాడు. గేలరీలో రెండు పార్టీలవాళ్ళూ కలిసే కూర్చున్నారు. రాళ్ళు లేచాయి, తోపులాట జరిగింది. పదహారు మంది చచ్చిపోయారు. ఆట చూడ్డానికెళ్ళిన పిల్లాడికోసం ఏ అమ్మైతే ఎదురుచూసిందో, ఆమెకి ఎవరు గెలిచారన్నది ఎందుకు? ఇప్పటికీ ఆ తేదీన వాళ్ళ పేరు మీద కలకత్తాలో రక్తదానం చేస్తారు.

మన గొడవ దానిముందు ఎంత అనకండి. అక్కడ మొదలైంది కూడా ఒక్క ఫౌల్‌తోనే, ఒక్క అరుపుతోనే.

కానీ అక్కడివాళ్ళు ఆట మానెయ్యలేదు. ఇది మాత్రం మన పెద్దలు వినాలి. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,781 మంది వచ్చారు. మేచ్‌కి ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఎదుటి ఆటగాడు ఒమోలోని ఆమ్లెట్ అని వెక్కిరించాడు. ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ నోరెత్తలేదు. బైచుంగ్ భూటియా మూడు గోళ్ళు కొట్టాడు, 4–1. నోటితో అన్నదానికి కాలితో జవాబు.

2024 జనవరి 19న ఇదే పోటీ మన ఒడిశాకొచ్చింది. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో సూపర్ కప్. ఈస్ట్ బెంగాల్ 3–1తో గెలిచింది, తర్వాత ఫైనల్లో ఒడిశా జట్టుని 3–2తో ఓడించి కప్పు పట్టుకెళ్ళింది. దాదా అప్పటికి రిటైరై ఊరెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఫోన్ చేశాడు. "భాయ్, మన ఒడిశాలో గెలిచాం" అన్నాడు. మన ఒడిశా అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినా ఆ మాట అతని నోట అంతకుముందు నేను వినలేదు.

అదే ఏడాది ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మాయిని చంపేశారు. ఊరంతా అట్టుడికింది. 18న జరగాల్సిన మేచ్ రద్దు చేశారు. రద్దైనా స్టేడియం బయటికి రెండు క్లబ్బుల జనమూ వచ్చారు. ఎరుపు–బంగారు జెండాలు, పచ్చ–మెరూన్ జెండాలు పక్కపక్కనే పట్టుకుని ఆ పిల్లకి న్యాయం కావాలన్నారు. పోలీసులు లాఠీలెత్తినా పారిపోలేదు. నూరేళ్ళు కొట్టుకున్నవాళ్ళే.

ఒకరి మీద ఒకరు పోటీ పడ్డవాళ్ళు ఒకరినొకరు బాగా ఎరుగుదురు. ఆట మానేశాక మన రెండు లైన్లకీ ఆ ఎరుక కూడా లేదు. కుళాయి దగ్గర, రేషన్ లైన్లో ముఖాలు తిప్పుకుంటున్నాం. గొడవ ఏటో తెలియని పిల్లలు కూడా తిప్పుకుంటున్నారు.

అందుకని నా మాట ఇది. మేచ్ పెట్టండి. రెండు లైన్లవాళ్ళూ మైదానానికి చెరో వైపు కూర్చోవాలి. రిఫరీ ఈ కాలనీవాడు కాకూడదు. అతను గోలు అంటే గోలు, కాదంటే కాదు. ఓడినవాళ్ళకి గెలిచినవాళ్ళ ఇళ్ళలో భోజనం. పులస మనకెక్కడ దొరుకుతుంది, కోడి కూరైనా చాలు. చెయ్యి విరిగిన కుర్రాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. మొదటి బంతి అతని చేతే తన్నించండి. అంతకుముందు నేను వాళ్ళింటికెళ్ళి ఆనాటి తప్పు ఒప్పుకుంటాను.

గీత దగ్గర జెండా మళ్ళీ ఇస్తే పట్టుకుంటాను. ఈసారి అరవను.