వాట్లు కాదు, మోటారు ఎక్కడుందో చూడండి

మొదటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొనేవారు ముందుగా అడిగేది మోటారు ఎన్ని వాట్లని. ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. మన దేశంలో శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఎన్నో సైకిళ్ల మీద అదే అంకె కనిపిస్తుంది. అసలు తేడా మోటారు ఉన్న చోటులో ఉంది. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారుకు సైకిల్ గేర్లతో సంబంధం లేదు. నిటారు ఎక్కుడులో చక్రం నెమ్మదిస్తే మోటారూ నెమ్మదిస్తుంది, కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. పెడళ్ల దగ్గరుండే మిడ్‌డ్రైవ్ తన బలాన్ని చైను ద్వారా పంపుతుంది. గేరు తగ్గిస్తే మన కాళ్లకే కాదు, మోటారుకూ పని తేలికవుతుంది.

మిడ్‌డ్రైవ్ ఖరీదెక్కువ, చైను త్వరగా అరుగుతుంది అన్న అభ్యంతరం నిజమే. ఊళ్లో తారురోడ్డు, అప్పుడప్పుడూ మట్టిబాట అయితే హబ్ చాలు (ఆ మాటకొస్తే మౌంటెన్ బైకే అవసరం లేదు). పెద్ద బ్యాటరీ పెడితే సరిపోదా అంటారు కొందరు. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్లుంటాయి. దాన్ని రెట్టింపు చేస్తే దూరం పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది, హబ్ మోటారుకు గేర్లు మాత్రం రావు. ఇరవై కిలోలు దాటిన బండి దిగుడులో ఆగాలంటే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉండాల్సిందే. దుకాణం ముందు చదును రోడ్డు మీద కాదు, దగ్గర్లోని ఎక్కుడు మీద తొక్కి చూడనివ్వమని అడగండి.