నిరుటి పంచాంగంలో ముహూర్తం చూస్తామా?

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎస్-3 గానీ ఎస్-4 గానీ ఎక్కితే వచ్చే ఎష్‌బోర్న్ మనలో చాలామందికి ఆఫీసుల ఊరు. అద్దాల భవనాలు, మీటింగులు, సాయంత్రం పిల్లల కోసం ఇంటికి పరుగులు. జర్మనీ అంతర్జాతీయ సహకార సంస్థ జి.ఐ.జెడ్. ప్రధాన కార్యాలయాల్లో ఒకటి కూడా ఈ ఊళ్లోనే ఉంది. దేశాల రేపటి లెక్కలు వేసే కంప్యూటర్ నమూనాలు ఆ సంస్థ చేపట్టిన పనుల్లో ఒకటి. ఆ కథ ఈసారి పిల్లలతో కలిసి చెప్పుకుందాం.

దేశానికీ ఓ పద్దుల పుస్తకం

మన అమ్మమ్మలు పద్దులు రాసేవారు గుర్తుందా? పాలకింత, కిరాణాకింత, కరెంటుకింత. దేశానికీ అలాంటి పుస్తకం ఉంటుంది. సిమెంటు తయారీకి బొగ్గు, కరెంటు, లారీలు కావాలి. లారీలకు డీజిల్ కావాలి. డీజిల్ ధర పెరిగితే సిమెంటు, ఆ తర్వాత ఇల్లు కూడా ప్రియమవుతాయి. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటుందో పట్టిక వేసే పద్ధతిని రూపొందించినందుకు వాసిలీ లియోంటీఫ్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ పట్టికకు ఇంధన వాడకాన్నీ, కార్బన్ డయాక్సైడ్‌నూ జతచేస్తే అది ‘ఇ-3’ నమూనా. ఎకానమీ, ఎనర్జీ, ఎమిషన్స్ అన్నమాట. ‘ఈ పన్ను వేస్తే ఏమవుతుంది?’ అని అడిగితే ఉద్యోగాలు, ధరలు, కాలుష్యం మూడింటి సంగతీ చెబుతుంది.

కరువులు, వరదల వల్ల నష్టమెంత, ముందే జాగ్రత్తపడితే లాభమెంత అని లెక్కగట్టేందుకు కజకిస్తాన్, జార్జియా, వియత్నాం దేశాలతో జి.ఐ.జెడ్. 2019లో ఒక ప్రాజెక్టు ప్రారంభించింది. జార్జియా నమూనా నడిచేది మనకు బాగా తెలిసిన ఎక్సెల్‌లోనే! నమూనాను ఒకసారి కట్టి వదిలేస్తే చాలదు. కొత్త అంకెలు వచ్చినప్పుడల్లా ఎక్కించే మనుషులు ఆ దేశంలోనే ఉండాలి.

కర్నూలు, కడప చెప్పిన పాఠం

అంకెలు పాతబడితే ఏమవుతుందో మన రాయలసీమే చెబుతుంది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 4 రూపాయల 63 పైసలు పలికింది. అప్పటికి దేశంలో అదే అతి తక్కువ. 2017 ఏప్రిల్‌లో కడప వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఏడాదిన్నరలో దాదాపు మూడో వంతు తగ్గింది! 2015 ధరతోనే ఆగిపోయిన నమూనా 2017లో కూడా ‘ఎండ కరెంటు ఖరీదు’ అనే అంటుంది. కరెంటు ఒప్పందాలేమో పాతికేళ్లవి. పాత ఒప్పందాల ధరలు తగ్గించాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టుబట్టింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఈ తగాదాల భారం చివరికి పడేది బిల్లు కట్టేవాళ్ల మీదే.

మన ఇంటి లెక్క

జర్మనీలో ఇళ్లు వేడిచేసే గ్యాస్ మీద కార్బన్ ధర 2020లో లేదు. 2021లో టన్నుకు 25 యూరోలతో మొదలై 2025లో 55కు చేరింది. ఏడాదికి 15,000 యూనిట్ల గ్యాస్ వాడే ఇంటి నుంచి సుమారు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 2021లో 75 యూరోలు, 2025లో 165. ఆపైన వ్యాట్ అదనం. 2020 అంకెలతో లెక్కవేసుకున్న కుటుంబానికి ఇంటి గోడలకు ఇన్సులేషన్ వేయించడం దండగ అనిపిస్తుంది. కొత్త అంకెలతో చూస్తే ఆలోచన మారవచ్చు.

పిల్లలూ, మీకో పని! ఈ ఆదివారం నాన్ననో అమ్మనో గ్యాస్ బిల్లు అడగండి. యూనిట్లను 0.2తో గుణించండి. వచ్చేది మీ ఇంటి కార్బన్ డయాక్సైడ్, కిలోల్లో. దాన్ని నోటుబుక్కులో తేదీ వేసి రాసిపెట్టండి. వచ్చే ఏడాది కొత్త బిల్లుతో మళ్లీ చేయండి. ఉగాదికి కొత్త పంచాంగం కొంటాం కదా, ఈ లెక్కకూ అదే పద్ధతి!