ఓపీ చీటీ మొదలు డిశ్చార్జి దాకా... రాత సరిగా ఉంటేనే వైద్యం సంపూర్ణం

* ఆసుపత్రి కార్యాలయ నిర్వహణకు శిక్షణ ఆవశ్యకం
* ఒక్క అక్షరం తప్పినా నష్టపోయేది రోగి కుటుంబమే
* డిగ్రీ చదివిన గ్రామీణ యువతకు ఉపాధి మార్గం

నరసరావుపేట: మిరప చేలో పాము కాటుకు గురైన కూలీని ఆటోలో ఆసుపత్రికి తరలిస్తారు. వైద్యుడు శక్తివంచన లేకుండా ప్రయత్నించినా ప్రాణం దక్కదు. మృతుడికి బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంటే కుటుంబానికి రూ.2 లక్షలు రావాలి. పాము కాటు, చెట్టు మీద నుంచి పడటం వంటి ఘటనల్లో మరణ కారణాన్ని ధ్రువీకరించే ఆసుపత్రి రికార్డు తక్షణం ఉండాలన్నది ఆ పథకం నిబంధన. కౌంటర్‌లోని గుమస్తా కేస్‌షీట్‌పై ‘అపస్మారక స్థితిలో తెచ్చారు’ అని మాత్రమే రాసి, పాము కాటు సంగతి, తెచ్చిన సమయం నమోదు కాకుండా వదిలేస్తే ఆ కుటుంబం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏడాదికి రూ.20 ప్రీమియం కట్టిన కూలీకి దక్కాల్సిన ధీమా ఒక ఖాళీ గడి వద్ద ఆగిపోతుంది.

ఆసుపత్రి అనగానే వైద్యుడు, నర్సు, మందులు గుర్తుకు వస్తాయి. ఈ ముగ్గురి మధ్య వారధిగా నిలిచే కార్యాలయ సిబ్బంది గురించి ఆలోచించేవారు తక్కువ. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు కేంద్రమైన నరసరావుపేటకు వినుకొండ, బొల్లాపల్లి, ఈపూరు, రొంపిచర్ల, నకరికల్లు మండలాల నుంచి రోగులు వస్తుంటారు. పది పడకల నర్సింగ్‌హోమ్ అయినా, నూరు పడకల ఆసుపత్రి అయినా కార్యాలయ పని ఒక్కటే. చిన్న ఆసుపత్రుల్లో ఈ పనికి ప్రత్యేక శిక్షణ పొందినవారు అరుదు. డిగ్రీ చదివి, కంప్యూటర్‌పై కొంత పట్టు ఉన్న యువతీ యువకులు చేరి, పాతవారిని చూసి నేర్చుకుంటున్నారు. చూసి నేర్చుకున్నదానిలో ఒప్పుతో పాటు తప్పు కూడా వారసత్వంగా వస్తుంది.

పేరుతోనే మొదలు

కార్యాలయ నిర్వహణలో తొలి పాఠం రోగి గుర్తింపు. కోటప్పకొండ చుట్టుపక్కల గ్రామాల్లో కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటమ్మలు వీధికి నలుగురు కనిపిస్తారు. పేరు, ఊరు మాత్రమే రాసుకుంటే ఒకరి రక్త పరీక్ష నివేదిక మరొకరి ఫైలులో చేరే ప్రమాదం ఉంది. అందువల్ల ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, గ్రామం, ఫోన్ నంబరు నమోదు చేసి, ప్రతి రోగికి శాశ్వత సంఖ్య కేటాయించాలి. రోగి మళ్లీ వచ్చినప్పుడు కొత్త సంఖ్య ఇవ్వకుండా పాతదానినే కొనసాగించాలి.

వృద్ధులు వయసును ఉజ్జాయింపుగా చెబుతారు. ఆధార్‌లో ఉన్నది వేరుగా ఉంటుంది. పిలిచే పేరు ఒకటి, కార్డులోని పేరు మరొకటి. కార్డు చూసి అక్షరం అక్షరం సరిపోల్చి రాయడం అలవాటు చేసుకోవాలి. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగంగా ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఉన్నవారి వివరాలను దానితో అనుసంధానించవచ్చు.

అత్యవసర కేసు వచ్చినప్పుడు ఈ క్రమం తలకిందులు కావాలి. ముందు వైద్యం, తర్వాతే కాగితం. ప్రమాద బాధితులకు పోలీసు లాంఛనాలతో నిమిత్తం లేకుండా తక్షణం చికిత్స అందించాలని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘ముందు పోలీసులకు చెప్పి రండి’ అనే మాట కౌంటర్ నుంచి వినిపించరాదు.

కేస్‌షీటే సాక్ష్యం

రోగి చేరిన సమయం, వైద్యుడు చూసిన సమయం, ఇచ్చిన మందు, సంతకం... ఇవన్నీ కేస్‌షీట్‌లో ఉండాలి. రాయాల్సింది వైద్యుడు, నర్సులే అయినా, డిశ్చార్జికి ముందు అన్ని పేజీలూ ఉన్నాయా, సంతకాలు పడ్డాయా, అంగీకార పత్రం జత అయిందా అని సరిచూడటం కార్యాలయం బాధ్యత. లోపం కనిపిస్తే తానే పూరించకుండా సంబంధిత వైద్యుడి వద్దకు పంపాలి. జరిగిపోయిన తేదీతో రాయించడం, దిద్దిన చోట తెల్లరంగు పూయడం తగదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి.

వైద్య సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నాటి నుంచి కేస్‌షీట్ న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలుస్తోంది. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స ప్రారంభమైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలని, రోగి లేదా అధీకృత ప్రతినిధి అడిగితే 72 గంటల్లో ప్రతులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. కోర్టు వ్యవహారం నడుస్తున్న ఫైలును గడువు ముగిసినా పారవేయరాదు.

పురుగు మందు తాగిన కేసులు, ప్రమాదాలు, కొట్లాటలు, కాలిన గాయాలు మెడికో లీగల్ కేసుల కిందకు వస్తాయి. వీటికి ప్రత్యేక రిజిస్టరు ఉండాలి. వరుస సంఖ్య, తెచ్చినవారి పేరు, సమయం, గుర్తింపు చిహ్నాలు, పోలీసులకు సమాచారం పంపిన వేళ, అందుకున్నవారి సంతకం అందులో ఉండాలి. ఫోన్‌లో చెప్పామన్న మాట తర్వాత నిలవదు.

ఖాళీ వదిలితే నేరమే

స్కానింగ్ కేంద్రం ఉన్న ఆసుపత్రుల్లో కార్యాలయ సిబ్బంది మరింత జాగరూకతతో మెలగాలి. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కూ ఫారం-ఎఫ్ పూర్తి చేయాలి. గర్భిణి వివరాలు, ఉన్న పిల్లలు, పంపిన వైద్యుడి పేరు, స్కానింగ్‌కు కారణం, గర్భిణి వాంగ్మూలం, వైద్యుడి ప్రకటన అందులో ఉంటాయి. నెలవారీ నివేదికను తర్వాతి నెల 5వ తేదీలోగా అధికారులకు అందజేయాలి. రికార్డులను కనీసం 2 ఏళ్లు భద్రపరచాలి.

ఇవి గుమస్తా తప్పులని, నేరాలుగా పరిగణించవద్దని ప్రసూతి వైద్య నిపుణుల సమాఖ్య సుప్రీంకోర్టును ఆశ్రయించగా, 2019 మే 3న న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. లింగ నిర్ధారణను అడ్డుకునే వ్యవస్థకు ఈ రికార్డే ఆధారమని పేర్కొంది. కాబట్టి ఫారంలోని ఒక గడిని ‘తర్వాత రాద్దాం’ అని వదలడం వైద్యుడి రిజిస్ట్రేషన్‌కే ముప్పు తెస్తుంది.

జనన, మరణ నమోదులో జాగ్రత్త

ఆసుపత్రిలో జరిగిన జనన, మరణాలను 21 రోజుల్లోగా రిజిస్ట్రారుకు తెలియజేయాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. 2023లో చట్టాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి బడిలో చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం వంటి వాటికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ప్రసూతి వార్డులో తల్లి పేరు ఒక అక్షరం తప్పు పడితే ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా సవరణల కోసం తిరగాల్సిందే. వివరాలు పంపే ముందు తల్లిదండ్రులకు చదివి వినిపించి, సంతకం తీసుకోవడం ఉత్తమం.

మరణం సంభవిస్తే వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించాలి. ఆ ధ్రువపత్రం ప్రతిని మృతుడి సమీప బంధువుకూ ఇవ్వాలని సవరించిన చట్టం చెబుతోంది. ‘గుండె ఆగి మరణం’ అని రాస్తే కారణం రాసినట్లు కాదు. గుండె ఆగడానికి దారితీసిన వ్యాధి ఏదో ఉండాలి.

క్షయ వ్యాధి విషయంలోనూ ఇదే తీరు. ప్రైవేటు ఆసుపత్రులు సైతం క్షయ కేసుల వివరాలను ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లో ఆదేశాలు వెలువడ్డాయి. ‘నిక్షయ్’ పోర్టల్‌లో పేరు నమోదైతేనే చికిత్స కాలంలో పోషకాహారం కోసం నెలకు ఇచ్చే సాయం రోగి ఖాతాకు చేరుతుంది. 2018లో రూ.500గా మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబరు నుంచి రూ.1,000 చేశారు. నమోదు చేయకపోతే నష్టం పేద రోగికే.

బీమా బల్ల వద్ద

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ ఆరంభమైన తర్వాత ఆసుపత్రి కార్యాలయాల స్వరూపం మారిపోయింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేర్లతో పథకాలు కొనసాగుతున్నాయి. కార్డు పరిశీలన, రోగి ఫొటో, పరీక్షల నివేదికలు, ముందస్తు అనుమతి, చికిత్స, డిశ్చార్జి పత్రం, క్లెయిం... ఈ క్రమంలో ఏ మెట్టు తప్పినా బిల్లు తిరిగి వస్తుంది. ఆరోగ్యమిత్రతో సమన్వయం చేసుకుంటూ, తిరస్కరించిన క్లెయిములకు కారణాలను ఒక పుస్తకంలో రాసుకుంటే అదే తప్పు రెండోసారి జరగదు.

ప్రైవేటు బీమా ఉన్నవారి విషయంలో బీమా నియంత్రణ సంస్థ 2024 మే 29న కీలక ఆదేశాలు ఇచ్చింది. నగదు రహిత చికిత్స అభ్యర్థనపై బీమా కంపెనీ గంటలోగా నిర్ణయం తీసుకోవాలి. డిశ్చార్జి వేళ తుది అనుమతి 3 గంటల్లోగా ఇవ్వాలి. ఆసుపత్రి నుంచి సంపూర్ణ పత్రాలు వెళ్తేనే ఈ గడువు రోగికి ఉపయోగపడుతుంది. ఉదయం డిశ్చార్జి రాసిన రోగి సాయంత్రం వరకు మంచంపైనే ఉండిపోయాడంటే జాప్యం కంపెనీదో, బిల్లింగ్ విభాగానిదో తేల్చి చెప్పగలిగేది కార్యాలయమే.

లైసెన్సులు, లెక్కలు, వ్యర్థాలు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద, తెలంగాణలో 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద నమోదు కావాలి. దీనికి తోడు అగ్నిమాపక శాఖ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, స్కానింగ్ రిజిస్ట్రేషన్, మందుల షాపు లైసెన్సు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో గడువు. అన్నింటినీ ఒకే పట్టికలో రాసి గోడకు తగిలించి, గడువుకు ముందే దరఖాస్తు చేయాలి.

2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల సంచులు, డబ్బాల్లో వ్యర్థాలను వేరు చేయాలి. శరీర భాగాలు, రక్తం అంటిన దూది, కట్లను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. రోజువారీ తూకం రిజిస్టరులో రాయాలి. వార్షిక నివేదికను ఏటా జూన్ 30లోగా సమర్పించాలి. రికార్డులను 5 ఏళ్లు ఉంచాలి.

లెక్కల విషయంలో ప్రతి అడ్వాన్సుకూ రసీదు, సాయంత్రం నగదు సరిపోల్చడం ప్రాథమిక నియమాలు. ఒకే వ్యక్తి నుంచి ఒక రోజులో రూ.2 లక్షలు, ఆపై నగదు స్వీకరించరాదన్న ఆదాయపు పన్ను నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి ఉంది. పడక, పరీక్షలు, మందులు, వైద్యుడి ఫీజు విడివిడిగా చూపే బిల్లు ఇవ్వాలి. బిల్లు బకాయి ఉందని మృతదేహాన్ని ఆపడం జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం.

మాట తీరే మందు

ఎన్ని రిజిస్టర్లు నేర్చినా రోగితో మాట్లాడటం రాకపోతే ఆ శిక్షణ అసంపూర్ణం. పల్లె నుంచి వచ్చిన పెద్దాయనకు ‘బిల్లింగ్, ఫార్మసీ, ల్యాబ్’ అని వేలు చూపితే అర్థం కాదు. ‘ముందు ఇక్కడ డబ్బు కట్టండి, ఆ మూడో గదిలో రక్తం ఇవ్వండి, గంట తర్వాత కాగితం తీసుకుని డాక్టరు గారి దగ్గరకు రండి’ అని చెప్పాలి. రోగి జబ్బు పేరు వరండాలో గట్టిగా చదవడం, కేస్‌షీట్ ఫొటో వాట్సాప్ బృందాల్లో పంపడం తగదు. హెచ్ఐవీ, గర్భస్రావం వంటి వివరాల్లో గోప్యత చట్టబద్ధమైన బాధ్యత.

ఎక్కడ నేర్చుకోవాలి

డిగ్రీ పూర్తి చేసినవారికి ఆసుపత్రి నిర్వహణలో పీజీ కోర్సులు హైదరాబాద్‌లోని పలు సంస్థల్లో ఉన్నాయి. అంత ఖర్చు భరించలేనివారు మెడికల్ రికార్డుల సహాయకుడు, ఫ్రంట్ డెస్క్ సమన్వయకర్త వంటి స్వల్పకాలిక నైపుణ్య కోర్సులను ఎంచుకోవచ్చు. వ్యర్థాల నిర్వహణలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ కోర్సు నిర్వహిస్తోంది. చేరే ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో తప్పక విచారించుకోవాలి.

కోర్సు చేసినా పని నేర్పేది ఆసుపత్రే. తొలి రెండు నెలలు రిజిస్ట్రేషన్, తర్వాత రెండు నెలలు రికార్డుల గది, ఆపై బిల్లింగ్, బీమా... ఇలా బల్ల మారుస్తూ పనిచేయిస్తే ఆరేడు నెలల్లో సమగ్ర అవగాహన వస్తుంది. ఒకే కౌంటర్‌లో ఏళ్ల తరబడి కూర్చోబెడితే ఆ ఉద్యోగి ఎదగలేడు, అతడు సెలవు పెట్టిన రోజు ఆసుపత్రి కదలదు. నేర్చుకున్నవారికి తగిన వేతనం ఇచ్చి నిలుపుకోవడం యాజమాన్యాలకే మేలు. వారానికి ఒక గంట పాత ఫైళ్లలో అయిదింటిని తీసి లోపాలు వెతికించడం ఖర్చు లేని శిక్షణ.

ఇంటికి వెళ్లే ముందు...

రోగి బంధువులు కింది పత్రాలను అడిగి తీసుకోవాలి.

* డిశ్చార్జి సమ్మరీ: పేరు, వయసు ఆధార్‌తో సరిపోయాయో చూడాలి.
* విడివిడి వివరాలతో కూడిన బిల్లు, అడ్వాన్సు రసీదులు.
* పరీక్షల నివేదికలు, ఎక్స్‌రే, స్కానింగ్ ఫిల్ములు.
* ప్రమాదం, విషం, పాము కాటు అయితే మెడికో లీగల్ సంఖ్య.
* కాన్పు అయితే జనన నివేదిక పంపిన తేదీ.
* మళ్లీ ఎప్పుడు రావాలో తెలిపే చీటీ.

తప్పు కనిపిస్తే ఆసుపత్రి గడప దాటక ముందే సరిచేయించుకోవడం సులువు. ఏడాది తర్వాత అదే పనికి పది సంతకాలు కావాల్సి వస్తుంది.